ఆర్‌బీఐ సర్వే మెయిలు, బ్యాంకు కోడ్ పంచాయితీ: లైసెన్సు ఫీజు రాయల్టీయా, సర్వీసా?

కూకట్‌పల్లి_కోడ్ | సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్తే. మాది 14 మంది ఉన్న చిన్న కంపెనీ. ఆసుపత్రులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. పోయిన వారం ఆర్‌బీఐ పేరుతో ఒక మెయిల్ వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఎగుమతుల మీద ఏటా చేసే సర్వే అట, ఎక్సెల్ ఫారం నింపి పంపాలట. తెరిస్తే మాక్రోలు (ఫైల్లో దాగి నడిచే చిన్న ప్రోగ్రాములు) ఎనేబుల్ చేయమంటోంది. మా క్లయింట్లకి రోజూ "చచ్చినా మాక్రోలు ఎనేబుల్ చేయకండి" అని చెప్పేది మేమే. ఫిషింగ్ అనుకుని పక్కన పడేశా.

ఇంతలో బ్యాంకు నుంచి ఇంకో పంచాయితీ. మేం విదేశాలకి రెండు రకాల లైసెన్సు డబ్బు కడతాం. ఒకటి మా డెవలపర్లు వాడుకునే టూల్స్‌కి, అమెరికా కంపెనీకి. రెండోది రిపోర్టులు తయారుచేసే ఒక కాంపొనెంటుకి, జర్మనీ కంపెనీకి. దాన్ని మా ప్రోడక్టులో కలిపి అమ్ముతాం, అమ్మిన ప్రతి కాపీకీ వాళ్లకి ఇంత అని ఇవ్వాలి. మరోపక్క మస్కట్‌లో ఒక డిస్ట్రిబ్యూటరు మా సాఫ్ట్‌వేర్‌ని అక్కడి క్లినిక్కులకి అమ్మి, కాపీకి ఇంత అని మాకు పంపుతాడు.

నాలుగేళ్లుగా మా అకౌంటెంటు బ్యాంకు ఫారంలో వచ్చేదానికీ పోయేదానికీ ఒకటే పర్పస్ కోడ్ (డబ్బు దేనికో చెప్పే నంబరు) రాశాడు: 0802, సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీ. ఎందుకయ్యా అంటే "డ్రాప్‌డౌన్‌లో సాఫ్ట్‌వేర్ అన్న మాట ముందు అక్కడే కనపడింది సార్" అన్నాడు. ఇప్పుడు బ్రాంచిలో కొత్తగా వచ్చినాయన ఇన్‌వాయిస్ చూసి "ఇది లైసెన్సు కదా, కన్సల్టెన్సీ ఎలా అవుతుంది?" అని ఆపేశాడు. జర్మనీ పేమెంటు తొమ్మిది రోజులుగా ఆగింది.

సర్వే నిజమేనా? కోడ్ తప్పయితే ఏమవుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

అనుమానం_పక్షి | 10:55

నింపొద్దు బ్రో. ఇవాళ ఎక్సెల్ అడుగుతారు, రేపు నోటీసు పంపుతారు. మన లెక్క మన చేత్తోనే రాసి ఇవ్వడం దేనికి?

నిశ్శబ్ద_పాఠకుడు | 11:03

మాకూ వచ్చింది ఆ మెయిల్. స్పామ్‌లో పడేశా. ఫాలో అవుతున్నా.

ఫారెక్స్_తాతయ్య | 11:31

బాబూ, నేను ఒక ప్రభుత్వ బ్యాంకు ఫారెక్స్ డెస్కులో ఇరవై రెండేళ్లు కూర్చుని రిటైరయినవాణ్ణి. ఈ ఫోరంలోకి మా మనవడు ఎక్కించాడు. తెలిసినంత చెప్తాను.

సర్వే నిజమైనదే. ఆర్‌బీఐలో గణాంకాలు చూసే విభాగం ఒకటుంది, డీఎస్‌ఐఎం అంటారు. సాఫ్ట్‌వేర్, ఐటీఈఎస్ (ఐటీ ఆధారిత సేవలు) ఎగుమతుల మీద ఏటా వాళ్లే ఈ సర్వే చేస్తారు. అయినా మెయిల్లో లింకు నొక్కకు. ఆర్‌బీఐ వెబ్‌సైటుకి నువ్వే వెళ్లి, రెగ్యులేటరీ రిపోర్టింగ్ అన్నచోట ఆ ఫారం వెతుకు. అక్కడ ఇచ్చిన మెయిల్ ఐడీ, నీకొచ్చిన మెయిల్ ఐడీ ఒకటో కాదో చూసుకో. మాక్రోల సంగతి మాత్రం అంతే, ఆ ఫారం అలాగే పనిచేస్తుంది. నాకూ నచ్చదు.

కోడ్ సంగతికొద్దాం. విదేశాలకి డబ్బు పంపేటప్పుడు ఏ2 ఫారంలో రాసే పర్పస్ కోడ్ బ్యాంకు ఫైల్లోనే ఉండిపోతుందని అందరూ అనుకుంటారు. ఉండిపోదు. ఫెటర్స్ అనే ఏర్పాటు ద్వారా ప్రతి బ్యాంకూ ఆ లావాదేవీల్ని కోడ్‌తో సహా ఆర్‌బీఐకి పంపుతుంది. పేపర్లో కరెంటు ఖాతా లోటు అని చదువుతామే, అందులో సేవల పద్దుకి పెద్ద ఆధారం అదే. అంటే మీ అకౌంటెంటు డ్రాప్‌డౌన్‌లో నొక్కింది వెళ్లి దేశం లెక్కలో కూర్చుంది.

ఎస్‌తో మొదలయ్యే కోడ్‌లు పోయే డబ్బుకి, పీతో మొదలయ్యేవి వచ్చే డబ్బుకి. బ్యాంకు నీకు డాలర్లు అమ్మితే సేల్, నీ దగ్గర కొంటే పర్చేజ్. అక్షరాలు బ్యాంకు వైపు నుంచి పెట్టారు, అందుకే అందరూ తికమకపడతారు. 08 గుంపులో కంప్యూటర్ సేవలు ఉంటాయి: 0802 కన్సల్టెన్సీ, 0803 డేటాబేస్, డేటా ప్రాసెసింగ్, 0804 మెయింటెనెన్సు, 0807 ఆఫ్‌సైట్ సాఫ్ట్‌వేర్. 09 గుంపు మేధోసంపత్తిది. 0901 ఫ్రాంచైజీ. 0902 కింద లైసెన్సు ఒప్పందం మీద వాడుకునే పేటెంట్లు, కాపీరైట్లు, ట్రేడ్‌మార్కులు, సినిమాలు, రాతప్రతులు వస్తాయి.

నీ మూడు లావాదేవీలూ ఒక్క గుంపువి కావనిపిస్తోంది. ఒప్పందాల్లో అసలు ఏం రాసుంది?

కూకట్‌పల్లి_కోడ్ | 11:48

థాంక్యూ తాతయ్య గారూ. ఇప్పుడే తీసి చూశా. టూల్స్‌ది: ఇంతమంది డెవలపర్లు వాడుకోవచ్చు, కాపీ చేయకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. కాంపొనెంటుది: మా ప్రోడక్టులో భాగంగా కాపీ చేసి కస్టమర్లకి ఇవ్వచ్చు, కాపీల లెక్క మూడు నెలలకోసారి పంపాలి. మస్కట్ ఆయనకి మేమిచ్చింది కూడా ఇంచుమించు ఇలాంటిదే. ఆ కాగితంలో "రాయల్టీ" అనే మాట కూడా ఉంది, ఇన్నాళ్లూ గమనించలేదు.

గణాంకం | మంగళవారం, ఉదయం 7:15

మంచి ప్రశ్న. నేను ఎకనామిక్స్ చెప్తాను, ఇది నా పేటే.

దేశాల మధ్య లావాదేవీలు రాయడానికి ఐఎంఎఫ్ ఒక మాన్యువల్ వేస్తుంది. 2009 నాటి ఆరో ఎడిషన్, బీపీఎం6 ప్రకారమే మన ఆర్‌బీఐ లెక్క కడుతుంది. పాత ఎడిషన్లో ఈ పద్దు పేరు "రాయల్టీలు, లైసెన్సు ఫీజులు". ఆరోదాంట్లో "మేధోసంపత్తి వాడకానికి రుసుములు" అయింది. పేరు ఊరికే మార్చలేదు. లైసెన్సు అన్న మాట కనపడగానే అన్నీ తెచ్చి ఇందులో పడేస్తున్నారని మార్చారనుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో లైసెన్సు లేనిదేముంది చెప్పండి.

చూడాల్సింది ఒకటే. నువ్వు వాడుకోవడానికి తీసుకున్నావా, కాపీలు చేసి పంచడానికి తీసుకున్నావా? మామిడిపళ్లు కొని ఇంటికి తెచ్చుకోవడం వేరు, తోట గుత్తకి తీసుకోవడం వేరు. మీ టూల్స్ పళ్లు. అవి కంప్యూటర్ సేవల్లోకి, అంటే 08 గుంపులోకి వెళ్తాయి. జర్మనీ కాంపొనెంటు తోట గుత్త, 09 గుంపు. మస్కట్‌లో తోట మీది, గుత్త ఆయనది.

ఇంకో రెండు వింతలున్నాయి. శాశ్వత లైసెన్సుతో డబ్బాలో సీడీ దిగుమతి చేసుకుంటే అది సేవే కాదు, సరుకు. పేటెంటుని పూర్తిగా కొనేస్తే పరిశోధన సేవల్లో రాస్తారు, ట్రేడ్‌మార్కు కొనేస్తే మూలధన ఖాతాలో. ఒకే ఊళ్లో పక్కపక్క పొలాలు కొన్నా రెండు వేర్వేరు ఆఫీసుల్లో రిజిస్ట్రేషన్ చేయించుకోవాల్సి వచ్చినట్టు.

ఫారెక్స్_తాతయ్య | 8:02

మాస్టారు గారు బాగా చెప్పారు. ఆ లెక్కన జర్మనీకి ఎస్0902. మస్కట్‌ది పీ0902 వైపు వస్తుంది. అన్నట్టు బాబూ, మస్కట్ డబ్బుకి సాఫ్టెక్స్ (సాఫ్ట్‌వేర్ ఎగుమతి డిక్లరేషను) వేస్తున్నారా? ఆ ఫారంలో, ఎగుమతి చేసిన ప్యాకేజీల మీద వచ్చే రాయల్టీకి ప్రత్యేకంగా సి సెక్షన్ ఉంది. నా సర్వీసులో అది నింపిన ఫారాలు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు.

కూకట్‌పల్లి_కోడ్ | 8:20

ఎస్‌టీపీఐ (సాఫ్ట్‌వేర్ పార్కుల ప్రభుత్వ సంస్థ) ద్వారా సాఫ్టెక్స్ వేస్తున్నాం. సి సెక్షన్ నాలుగేళ్లుగా ఖాళీ. 😐

అనుమానం_పక్షి | 8:41

చూశారా? ఇప్పుడు ఈయన సర్వేలో రాయల్టీ అని రాస్తాడు. సాఫ్టెక్స్‌లో లేదు, బ్యాంకులో కన్సల్టెన్సీ. మూడూ పక్కపక్కన పెట్టి చూసినవాడికి ఏమనిపిస్తుంది? అందుకే చెప్పా, కదిలించకు.

బెజవాడ_పద్దులు | 9:30

అనుమానం గారూ, మీ భయం అర్థమైంది గానీ మీరు తప్పు గుమ్మం వైపు చూస్తున్నారండి. పన్నువాళ్లకి తెలియాల్సింది సర్వే ద్వారా తెలియదు. డబ్బు పంపేటప్పుడు వేసే 15సీఏ ఫారం నేరుగా ఆదాయపు పన్ను శాఖకే వెళ్తుంది. అది చాలదన్నట్టు బ్యాంకులు మూడు నెలలకోసారి 15సీసీ అని పంపిన మొత్తాల జాబితా వాళ్లకిస్తాయి. సర్వేలో ఆర్‌బీఐ తీసుకునేది మొత్తాలు కట్టడానికి. కంపెనీ పేరుతో బయట పెట్టరు. (పాత ఫారం నంబర్లతోనే రాస్తున్నా, అందరికీ అలవాటు కాబట్టి. 2025 కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి.)

కోడ్ గారూ, పన్ను వైపు "రాయల్టీ" అన్న మాటకి ఇంకో అర్థం ఉంది. ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) లెక్కతో కలిపేశారో, ఇరుక్కుంటారు.

2012లో చట్టం సవరించి, సాఫ్ట్‌వేర్ వాడుకునే హక్కుకి కట్టినా రాయల్టీయే, 1976 నుంచీ అంతే అని వివరణ చేర్చారు. అప్పటికే నడుస్తున్న గొడవ ఇంకా ముదిరింది. కొన్న ప్రతి ప్యాకేజీకీ టీడీఎస్ కోయాలా అని ఏళ్లతరబడి కేసులు. చివరికి 2021 మార్చి 2న ఇంజనీరింగ్ అనాలిసిస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: కాపీరైటు వేరు, కాపీరైటు ఉన్న వస్తువు వేరు. పుస్తకం కొన్నవాడికి పుస్తకం వస్తుంది, అచ్చేసుకునే హక్కు రాదు కదండీ. పన్ను ఒప్పందం ఉన్న దేశం నుంచి సొంత వాడకానికి తీసుకున్న సాఫ్ట్‌వేర్‌కి కట్టేది రాయల్టీ కాదు, దాని మీద టీడీఎస్ కోయక్కర్లేదు. మీ టూల్స్ ఇందులోకి వస్తాయి.

కాంపొనెంటుకి అలా కళ్లు మూసుకుని చెప్పలేను, కాపీ చేసి ఇచ్చే హక్కు ఉంది కాబట్టి ఒప్పందం మొత్తం చదవాలి. రాయల్టీ అని తేలితే జర్మనీతో మన దేశానికున్న పన్ను ఒప్పందం రేటు 10 శాతం. అది కావాలంటే వాళ్ల టీఆర్‌సీ (అక్కడి పన్ను నివాసులన్న ధ్రువపత్రం), 10ఎఫ్ ఫారం మీ ఫైల్లో ఉండాలి. లేదంటే మన చట్టం రేటు పడుతుంది. 2023 ఏప్రిల్ నుంచి అది 10 కాదు, 20 శాతం. పైన సర్‌చార్జి, సెస్సు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగంమందికి ఈ 20 సంగతి తెలియదు.

జీఎస్టీలో ఇంత తలనొప్పి లేదు. రెండూ దిగుమతి చేసుకున్న సేవలే, రివర్స్ చార్జీలో (అమ్మినవాడి బదులు కొన్నవాడే కట్టడం) 18 శాతం కట్టి క్రెడిట్ తీసుకోండి.

కూకట్‌పల్లి_కోడ్ | 9:44

అంటే మేడమ్, ఒకే ఇన్‌వాయిస్‌కి బ్యాంకులో ఒక పేరు, ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఇంకో పేరు, జీఎస్టీలో మూడో పేరు ఉండచ్చా? ఎవరూ తప్పు పట్టరా?

బెజవాడ_పద్దులు | 9:52

ఉండచ్చు. ఇంట్లో చిన్నీ, స్కూల్లో శ్రీలక్ష్మి, ఆధార్‌లో ఇంటిపేరుతో సహా ఇంకేదో. పిల్ల ఒక్కతే. ఎందుకు అలా రాశారో చెప్పగలిగితే చాలు. "డ్రాప్‌డౌన్‌లో ముందు కనపడింది" అని మాత్రం చెప్పకండి.

ప్లేనో_సుబ్బు | 10:20

అమెరికా నుంచి ఒక మాట. అందరూ ఇండియాలోనే ఈ ఫారాల గోల అనుకుంటారు. నాకు టెక్సస్‌లో చిన్న కన్సల్టింగ్ కంపెనీ, వైజాగ్‌లో బ్యాక్ ఆఫీసు. 2023లో బీఈఏ నుంచి ఉత్తరం వచ్చింది. ఇక్కడి వాణిజ్య శాఖలో ఆర్థిక లెక్కలు కట్టే బ్యూరో అది. బీఈ-120 అని, విదేశాలతో సేవలు, మేధోసంపత్తి లావాదేవీల మీద ఐదేళ్లకోసారి చేసే పెద్ద సర్వే. 2022 లెక్కలు జులై 31 లోపు ఇవ్వమన్నారు. మధ్య ఏళ్లలో పెద్ద కంపెనీలకి బీఈ-125 అని మూడు నెలలకోసారి ఉంటుంది.

మా అక్కౌంటెంట్ "ఇది ఐఆర్‌ఎస్ (ఇక్కడి పన్ను శాఖ) ఫారం కాదు, నాకు తెలియదు" అని చేతులెత్తేశాడు. కూర్చుని నేనే నింపా. అందులో పారిశ్రామిక పద్ధతులు, పుస్తకాలు, పాటలు, ట్రేడ్‌మార్కులు, ఫ్రాంచైజీ, సినిమా టీవీ, జనరల్ యూజ్ సాఫ్ట్‌వేర్ అన్నీ విడివిడి గళ్లు. ఒక్కో దేశానికి ఒక్కో వరస. అవతలివాడు నీ సొంత గ్రూపు కంపెనీయా, బయటివాడా అన్నది కూడా వేరుగా రాయాలి. వైజాగ్‌కి పంపేది సొంత కంపెనీకి, బెంగళూరు వెండరుకి పంపేది బయటివాడికి. నా క్విక్‌బుక్స్ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్)లో రెండూ "ఇండియా" అన్న ఒక్క పద్దులో ఉన్నాయి. రెండు వీకెండ్లు పోయాయి.

అనుమానం_పక్షి బ్రో, నీ ప్రశ్నే నేనూ అడిగా. 1976 నాటి చట్టం కింద చేస్తారు దీన్ని. జవాబివ్వడం తప్పనిసరి, ఎగ్గొడితే జరిమానా వేలల్లో ఉంటుంది. కానీ అదే చట్టంలో ఇంకో మాట కూడా ఉంది: ఇచ్చిన లెక్కల్ని గణాంకాలకే వాడాలి, పన్ను వేయడానికో దర్యాప్తుకో వాడకూడదు. ఉత్తరం వచ్చినవాడు లావాదేవీలు లేకపోయినా లేవని చెప్పాల్సిందే.

ఒకటి మాత్రం నాకు నచ్చింది. ఫారం మీదే, ఇది నింపడానికి సగటున ఇన్ని గంటలు పడుతుందని అంచనా రాస్తారు. ఎక్కువనిపిస్తే ఎవరికి రాయాలో అడ్రసు కూడా.

అనుమానం_పక్షి | 10:41

ఆ గంటల సంగతి మనవాళ్లు కూడా రాస్తే బాగుండు. సరే, నోటీసు భయం పక్కన పెడతా. ఇది చెప్పండి: సాఫ్టెక్స్‌లో ఒకసారి, జీఎస్టీలో ఒకసారి, 15సీఏలో ఒకసారి, బ్యాంకులో ఒకసారి ఇచ్చిన అంకెనే సర్వేలో ఐదోసారి ఎందుకు అడగాలి? అన్నీ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయిగా, వాళ్లలో వాళ్లు మాట్లాడుకోలేరా? పద్నాలుగు మంది కంపెనీలో ఇవన్నీ నింపేది ఓనరే, రాత్రి పదింటికి.

నిశ్శబ్ద_పాఠకుడు | 10:44

+1. మొదటిసారి ఈయనతో ఏకీభవిస్తున్నా.

గణాంకం | మధ్యాహ్నం 1:10

ఈ కంప్లయింటు న్యాయమైందే. కానీ సర్వేకి కారణం ఉంది. బ్యాంకుకి డబ్బు వచ్చినప్పుడు మాత్రమే తెలుస్తుంది. ఆ పని హైదరాబాద్‌లో కూర్చుని చేశారా, మనిషి విమానమెక్కి డాలస్ వెళ్లి చేశాడా, అక్కడ పెట్టిన సబ్సిడరీ చేసిందా అన్నది కోడ్‌లో ఉండదు. సర్వేలో అడిగేది అదే. ఏ దేశానికి, ఏ కరెన్సీలో, ఏ రకం పని. మన సాఫ్ట్‌వేర్ సేవల ఎగుమతుల్లో సగం పైన అమెరికాకే అని ధైర్యంగా చెప్పగలుగుతున్నామంటే ఈ సర్వే వల్లే.

సుబ్బు గారి పోస్టు చూశాక ఒక పాత సంగతి గుర్తొచ్చింది. 2003 సంవత్సరానికి ఈ ఐటీ, బీపీఓ తరహా సేవల్ని ఇండియా నుంచి ఎంత కొన్నామో అమెరికా లెక్కేసింది: 42 కోట్ల డాలర్లు. అవే సేవల్ని అమెరికాకి ఎంత అమ్మామో ఇండియా లెక్కేసింది: 870 కోట్ల డాలర్లు. ఇరవై రెట్ల తేడా! ఆఫ్‌షోరింగ్ (పనులు విదేశాలకి తరలించడం) మీద అక్కడ రాజకీయంగా మంట మండుతున్న రోజులు. వాళ్ల పార్లమెంటుకి పనిచేసే ఆడిట్ సంస్థ జీఏఓ 2005 అక్టోబరులో ఒక రిపోర్టులో దీన్ని విప్పి చూపించింది.

ఎవరూ దొంగలెక్క రాయలేదు. అమెరికాకి తాత్కాలికంగా వెళ్లి పనిచేసిన మన ప్రోగ్రామర్ల సంపాదనని మనం ఎగుమతి అన్నాం, వాళ్లు అలా లెక్కించలేదు. సొంత గ్రూపు కంపెనీల మధ్య జరిగింది వాళ్ల అంకెలో లేదు. సేవల రకాల గీతలు కూడా ఒకేచోట గీసుకోలేదు. సుబ్బు గారూ, మీతో "సొంతమా, బయటా" అని గళ్లు వేసి రాయించడం వెనక ఇలాంటి గొడవలున్నాయి.

రాయల్టీ వైపూ ఇంతే. మనం మేధోసంపత్తికి బయటికి కట్టేది, మనకి వచ్చేదానికి ఎన్నో రెట్లు. అందులో ఎవరి సరుకు ఎంత అన్నది తెలియాలంటే మీ అకౌంటెంటు సరైన కోడ్ నొక్కాలి. మస్కట్ నుంచి వచ్చే డబ్బు లాంటిది కన్సల్టెన్సీలో కలిసిపోయిందంటే, హైదరాబాద్‌లో ప్రోడక్టు తయారుచేసి రాయల్టీ సంపాదించేవాడు లెక్కలో లేనట్టే.

ఫారెక్స్_తాతయ్య | 2:35

ఈ రాయల్టీ లెక్క కోసం ఢిల్లీ వాళ్లు ఎందుకు తాపత్రయపడతారో నేను చూశాను. 2009 డిసెంబరు దాకా దీనికి గీత ఉండేది. సాంకేతిక పరిజ్ఞానానికి ఏకమొత్తం 20 లక్షల డాలర్లు, రాయల్టీ అయితే దేశీయ అమ్మకాల మీద 5 శాతం, ఎగుమతుల మీద 8 శాతం. ఉత్త బ్రాండు పేరుకైతే 1, 2 శాతాలు. దాటితే ప్రభుత్వ అనుమతి కావాలి. కంపెనీలవాళ్లు లెక్కలు పట్టుకుని మా కౌంటరు దగ్గర నిలబడేవాళ్లు. 2009లో ప్రెస్ నోట్ 8 అనే ప్రభుత్వ ప్రకటన తెచ్చి ఆ గీత చెరిపేశారు. విదేశీ సహకార ఒప్పందాల మీద ఆర్‌బీఐ 1960ల నుంచి సర్వే చేస్తూనే ఉంది. గీత పోయాక ఆ సర్వేల అవసరం ఇంకా పెరిగిందని నా అభిప్రాయం. ఆపే గేటు లేనప్పుడు కనీసం లెక్కపెట్టేవాడైనా ఉండాలిగా.

గణాంకం | 2:50

సరిగ్గా చెప్పారు. సెబీ 2024లో వేసిన స్టడీ చూడండి. పదేళ్లలో 233 లిస్టెడ్ కంపెనీలు సొంత గ్రూపు వాళ్లకి కట్టిన రాయల్టీ మీద అది. నాలుగు సందర్భాల్లో ఒకసారి రాయల్టీ నికర లాభంలో 20 శాతం దాటింది. నష్టాల్లో ఉండి కూడా కట్టినవి ఉన్నాయి.

కథల_మూట | సాయంత్రం 6:05

అందరూ పెద్ద పెద్ద కంపెనీల గురించి మాట్లాడుతున్నారు, నేను అడగచ్చో లేదో. నేను కథలు రాసి ఈబుక్స్ పెడతాను, వాటినే చదివి యూట్యూబ్‌లో కూడా పెడతాను. మా కజిన్స్ అమెరికాలో వింటారు కాబట్టి నెలకి కాస్త డబ్బు వస్తుంది. దానికీ ఈ కోడ్‌లు ఉంటాయా? బ్యాంకువాళ్లు "పర్పస్ ఏంటి మేడమ్" అని అడిగితే "కథలండీ" అన్నాను. ఆయన చాలాసేపు నా వైపు చూశాడు.

బెజవాడ_పద్దులు | 6:40

😂 కథల గారూ, మీది అచ్చమైన రాయల్టీ అండి, ఈ థ్రెడ్డులో అందరికన్నా. ఈబుక్ మీద వచ్చేది కాపీరైటు రాయల్టీ, 09 గుంపు అని చెప్పండి. యూట్యూబ్‌ది ఇంకా తమాషా. 2021 జూన్ నుంచి, అమెరికాలో చూసినవాళ్ల వల్ల వచ్చిన ఆదాయాన్ని గూగుల్ అక్కడి పన్ను లెక్కలో రాయల్టీగానే చూస్తోంది. డబ్ల్యూ-8బెన్ ఫారం (అమెరికా వాళ్లం కాదని చెప్పేది) ఇచ్చి ఇండియా పన్ను ఒప్పందం కోరుకుంటే 15 శాతం కోస్తారు, లేకపోతే ఇంకా ఎక్కువ. ఇచ్చారా?

కథల_మూట | 6:52

ఏదో ఫారం మా అబ్బాయి నింపాడు. అడిగి చెప్తాను. కోసినది తిరిగి రాదా?

బెజవాడ_పద్దులు | 7:01

ఆ ఆదాయం ఇక్కడి రిటర్నులో చూపించి, ఫారం 67 వేస్తే అక్కడ కట్టినదానికి క్రెడిట్ వస్తుంది. విడిగా మెసేజ్ పెట్టండి, దారి తప్పకుండా చూద్దాం.

కోడ్ గారూ, ఎప్పటినుంచో అడగాలనుకుంటున్నా, మీ కంపెనీలో విదేశాల్లో ఉన్నవాళ్లకి వాటా ఏమైనా ఉందా?

కూకట్‌పల్లి_కోడ్ | 9:15

మా బావ న్యూజెర్సీలో ఉంటాడు, 10 శాతం ఆయనది. ఎందుకు మేడమ్? కొత్త టెన్షన్ పెట్టకండి ప్లీజ్.

బెజవాడ_పద్దులు | 9:22

వాటా ఉంటే ఆర్‌బీఐకి ఎఫ్‌ఎల్‌ఏ (విదేశీ అప్పులు, ఆస్తుల లెక్క) అని ఇంకో రిటర్ను ఉంటుంది. ఏటా జులై 15. ఇది సర్వేలా కాదు, ఫెమా కింద తప్పనిసరి. ఆ ఏడు కొత్తగా ఒక్క రూపాయి రాకపోయినా, పాత వాటా ఉంటే చాలు, వేయాలి. ఆలస్యమైతే రుసుము 7,500 రూపాయలు. కంగారు పడకండి, ముందు ఇది చెప్పండి: బావగారి డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చింది? షేర్లు ఇచ్చినప్పుడు ఎఫ్‌సీ-జీపీఆర్ (విదేశాల్లో ఉన్నవాళ్లకి షేర్లిచ్చామని ఆర్‌బీఐకి చెప్పే ఫారం) వేశారా?

కూకట్‌పల్లి_కోడ్ | 9:58

బావకి ఫోన్ చేశా. అక్కడ ఆఫీసు టైము, మీటింగులో ఉన్నాడు, తిట్టాడు. ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ప్రవాసులు ఇక్కడి రూపాయలు ఉంచుకునే ఖాతా) నుంచి ఇచ్చాడట. ఎఫ్‌సీ-జీపీఆర్ ఏమీ వేయలేదు.

బెజవాడ_పద్దులు | 10:04

హమ్మయ్య. ఎన్‌ఆర్‌ఓ నుంచి అంటే తిరిగి విదేశాలకి పట్టుకెళ్లలేని పెట్టుబడి. దాన్ని దేశీయ పెట్టుబడితో సమానంగానే చూస్తారు, ఎఫ్‌ఎల్‌ఏ అక్కర్లేదు. ఆ కాగితాలు మాత్రం భద్రంగా ఉంచండి. బావగారికి నా తరఫున సారీ చెప్పండి.

కూకట్‌పల్లి_కోడ్ | శనివారం, సాయంత్రం 5:30

అప్‌డేట్. అడిగినవాళ్లందరికీ ఒకేసారి చెప్తున్నా.

ఆర్‌బీఐ సైటు నుంచి ఫారం దింపి, నెట్ లేని పాత లాప్‌టాప్‌లో మాక్రోలు ఎనేబుల్ చేసి నింపా. మూడు గంటలు పట్టింది. అందులో రెండు గంటలు దేశాలవారీగా ఇన్‌వాయిస్‌లు విడగొట్టడానికే. మనం ఎన్నడూ అలా రాసుకోలేదు కదా.

బ్యాంకుకి ఒప్పందం కాపీలు పట్టుకెళ్లా. ఆ కొత్తాయన పేజీ పేజీ చదివాడు, కాపీ చేసి ఇచ్చే హక్కు ఉన్న పేరా కింద పెన్సిలుతో గీత గీశాడు. జర్మనీకి ఎస్0902 వేసి పంపాడు. టీఆర్‌సీ కోసం జర్మనీ వాళ్లకి రాస్తే ఒక్కరోజులో వచ్చింది, వాళ్లని ఇండియా వాళ్లందరూ అడుగుతారట. మేడమ్ చెప్పినట్టు సీఏ గారు ఒప్పందం చూసి 10 శాతం కోశారు. కాకపోతే మేం ఇన్నేళ్లూ అసలు కోయలేదు. ఆ పాత సంగతి ఆయన చూస్తానన్నారు, ఆయన మొహం మాత్రం నాకు నచ్చలేదు.

పాత కోడ్‌ల గురించి బ్యాంకులో అడిగితే, లావాదేవీల జాబితాతో ఉత్తరం ఇవ్వమన్నారు. మొత్తం 31 ఉన్నాయి. మా అకౌంటెంటు ఇవాళ సెలవు రోజయినా వచ్చి కూర్చున్నాడు. పళ్లా, తోటా అని ఒక్కో ఇన్‌వాయిస్ పక్కన రాస్తున్నాడు. ఇప్పుడే వచ్చి అడిగాడు: "సార్, క్లౌడ్ స్టోరేజీ పళ్లా తోటా?"

గణాంకం | 5:47

గోడౌను అద్దె అని చెప్పండి. 08లోనే.

ఫారెక్స్_తాతయ్య | 6:10

బాబూ, ఆ కొత్తాయన్ని ఎక్కడికైనా ట్రాన్స్‌ఫర్ చేసేలోపు మిగతా 31 కూడా ఆయన చేతే చూపించుకో.